సామాను బరువు బాలింత మీద వద్దు

శ్రీమంతం దాటిందంటే చాలు, ఇంట్లోకి సామాను రావడం మొదలవుతుంది. చక్రాల ఉయ్యాల, స్నానాల తొట్టి, పాలసీసాలు, వాటికి ఆవిరి పట్టే మిషను, దిండూ బాలీసులూ కలిపి అమ్మే పక్కల సెట్టు, ఆరు నెలల తర్వాత గానీ అవసరం పడని ఎత్తు కుర్చీ. ఇవన్నీ వచ్చి చేరే ఇల్లేమీ ఖాళీగా ఉండదు. రెండు పడగ్గదుల ఫ్లాటులో అప్పటికే బీరువా నెత్తిన మూడు సూట్‌కేసులుంటాయి. పెళ్లిలో వచ్చిన డిన్నర్ సెట్లు డబ్బా విప్పకుండా మంచం కింద ఉంటాయి. అటక మీద పాత మిక్సీ, టీవీ కొన్ననాటి అట్టపెట్టె, ఇంజినీరింగ్ పుస్తకాలు, కాలు విరిగిన కుర్చీ. వంటింటి అరల్లో హోటల్ పార్సిళ్లతో వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు. వాటిలో సగానికి మూతలుండవు. పుట్టబోయే బిడ్డకు ఏం కొనాలన్న చర్చ ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. ఇంట్లోంచి ఏం తీసేయాలన్న చర్చ మాత్రం అరుదు. నిజానికి ముందు తేలాల్సింది అదే. చూడ్డానికి ఇల్లు బాగుండాలన్న ముచ్చట కోసం చెబుతున్న మాట కాదిది. కాన్పయిన మనిషి ఒంటికీ, నిద్రకీ, మనసుకీ సంబంధించిన విషయం.

ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ ఎవరో ఒకరి చేత పని చేయించుకుంటుంది. దాన్ని దులపాలి, కడగాలి, మడతపెట్టాలి, పక్కకు జరిపి ఊడవాలి. కావలసినప్పుడు వెతకాలి, అయ్యాక మళ్లీ దాని చోట పెట్టాలి. వాడని వస్తువైనా ఈ లెక్క నుంచి తప్పించుకోదు. పైగా వాడే వస్తువుకు అడ్డం పడి దాని పని కూడా పెంచుతుంది. మరి ఈ పని చేసేదెవరు? కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన టైమ్ యూజ్ సర్వేలో దీనికి జవాబుంది. ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 97 నిమిషాలు. అంటే ఒకరికి దాదాపు అయిదు గంటలు, మరొకరికి గంటన్నర. ఇంట్లో సామాను ఎంత పెరిగితే ఆ అయిదు గంటల వైపే అంత బరువు చేరుతుంది. బిడ్డ పుట్టాక ఆ మనిషికి రెండు మూడు గంటలకోసారి పాలివ్వడం, గుడ్డలు మార్చడం, రాత్రిళ్లు మేలుకోవడం అదనం. కొత్త పని ఇంత పెద్దదిగా వచ్చి పడుతున్నప్పుడు పాత పనిలో ఎంత తగ్గించగలమో చూడటమే ఇల్లు సర్దుకోవడంలోని అసలు ఉద్దేశం కావాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాటకు మరింత బరువు రావడానికి ఇంకో కారణముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21.5 శాతం. ఇన్ని కోతలు అవసరమా అన్న ప్రశ్న వేరే ఉంది, దాన్ని గట్టిగానే అడగాలి. ఈలోగా ఆ కుట్లతో ఇంటికి వస్తున్న తల్లుల సంగతి చూడాలి కదా. పొట్ట మీద కోత పడ్డ మనిషి మొదటి వారాల్లో బిడ్డకు మించిన బరువు ఎత్తకూడదని డాక్టర్లు చెప్పి పంపుతారు. ఇప్పుడు మన ఇళ్లలోని బీరువాను ఒకసారి చూడండి. పట్టుచీరలు కళ్లెదుటి అరలో, రోజూ కావలసిన తువ్వాళ్లు అట్టడుగున, వాటి ముందు ఇస్త్రీ పెట్టె. ఒక గుడ్డ కావాలంటే ఆమె నడుం వంచి, ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన పెట్టి, అరలోకి చెయ్యి జొనపాలి. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కు వెళ్లాలంటే మంచం చివర ఉన్న బట్టల స్టాండును, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్‌ను చీకట్లో తప్పించుకుంటూ నడవాలి. కాన్పు జరిగిన పదో రోజున ఇవి చిన్న ఇబ్బందులు కావు. ప్రతిసారీ కుట్టు లాగుతుంది. బీరువా మధ్య అర ఒకటి పూర్తిగా ఖాళీ చేసి బిడ్డ గుడ్డలకు కేటాయించడం, మంచం నుంచి బాత్రూమ్ దాకా నేల మీద ఏమీ లేకుండా చూడటం, మంచం పక్కన నీళ్లచెంబుకు చెయ్యి అందేంత జాగా చేయడం: ఈ మూడూ ఎంత ఖరీదైన ఉయ్యాల కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

సామాను కిక్కిరిసిన ఇల్లు మనసు మీద ఏం చేస్తుందో కూడా కొంత పరిశీలన జరిగింది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే కుటుంబాల్లోని 60 మంది భార్యాభర్తలను పరిశోధకులు తమ ఇల్లు తామే తిప్పి చూపించమన్నారు. చూపిస్తూ వాళ్లు వాడిన మాటలను లెక్కగట్టారు. ఇంటి గురించి చెప్పేటప్పుడు చిందరవందర, పూర్తికాని పనులు అన్న ధోరణిలో ఎక్కువగా మాట్లాడిన ఆడవాళ్లలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పొద్దున్నుంచి రాత్రికి తగ్గాల్సినంతగా తగ్గలేదని, పొద్దు గడిచేకొద్దీ మనసు మరింత కుంగిందని 2010లో వెలువడిన ఆ అధ్యయనం చెప్పింది. నిజమే, అది చిన్న పరిశీలన. మన ఇళ్లలో చేసింది కాదు. సామాను వల్లే ఒత్తిడి వచ్చిందా, ఒత్తిడిలో ఉన్న మనిషికి సామానే ఎక్కువగా కనబడిందా అన్నది దానితో తేలదు. అయినా అది చూపిన ఒక సంగతిని కొట్టిపారేయలేం. ఇంట్లో ఎటు చూసినా చెయ్యాల్సిన పనే కనిపించే మనిషికి కూర్చున్నా విశ్రాంతి దొరకదు. బాలింతకు బిడ్డ నిద్రపోయినప్పుడే నిద్రపొమ్మని అందరూ చెబుతారు. ఎదురుగా కుర్చీ నిండా మడతపెట్టని బట్టలుంటే ఆ నిద్ర ఎలా పడుతుంది?

తీసేయడం ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ప్రమాదం ఉన్నచోట. అటక మీద పాత బట్టల మూట ఉందనుకోండి. పెద్దపిల్లవాడివో, అక్క పిల్లలవో పసితనపు చొక్కాలు, ఉన్ని టోపీలు, దుప్పట్లు. పురుగు పట్టకుండా మధ్య మధ్య తెల్లని కలరా ఉండలు. ఆ మూట దించి, విదిలించి, ఆ బట్టలను నేరుగా పసికందుకు తొడిగితే ముప్పు రావచ్చు. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఆ ఆవిరి సోకితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం మన దేశంలో కొత్తేమీ కాదు, పుట్టిన బిడ్డకు ఉందో లేదో పైకి కనబడదు కూడా. కాబట్టి ఆ ఉండల్ని బిడ్డ ఉండే గదిలోంచే తీసేయాలి. ఆ వాసన పట్టిన బట్టలను బిడ్డ దగ్గరికి రానివ్వకపోవడమే క్షేమం. అలా నిల్వ చేసినవి కాకపోతే పాత నూలుబట్టలంత మెత్తనివి పసి ఒంటికి మరోటి లేవు. ఉతికి ఎండలో ఆరేస్తే చాలు.

అటక తర్వాత బాల్కనీ. ఎండిపోయిన మొక్కల కుండీలు, వాడని కూలర్, మూత లేని బకెట్లు, కొబ్బరి చిప్పలు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి వాటిలో నిలిచిన మంచినీళ్లలోనే. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికుండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. నిండు గర్భిణికి డెంగీ వస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ గండమే. ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారం డ్రై డే అన్నా, తెలంగాణలో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అన్నా చెప్పింది ఈ నీళ్లు పారబోయమనే. ఆ కూలర్‌నీ ఆ బకెట్లనీ బయటికి పంపేస్తే ప్రతి వారం పారబోసే పనే ఉండదు. ఇక పాత రంగు. గోడల రంగుల్లో సీసం 90 పీపీఎమ్ దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకు ముందు వేసిన రంగును పుట్టబోయే బిడ్డ కోసమని గీకించి కొత్త రంగు వేయిస్తే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. ఆ పని చేయించకపోవడమే మంచిది. తప్పదనుకుంటే గర్భిణి ఆ రోజుల్లో మరో ఇంట్లో ఉండాలి.

ఉన్నవి తీసేయడం సగం పని. కొత్తవి రానివ్వకపోవడం మిగతా సగం. పసిపిల్లల పేరుతో అమ్ముతున్నవన్నీ పిల్లలకు మంచివనే నమ్మకం మనలో బలంగా ఉంది. పక్కల సెట్టు సంగతే తీసుకుందాం. పసిబిడ్డను వెల్లకిలా, గట్టి చదును పక్క మీద, దిండూ బాలీసూ మెత్తటి బొమ్మలూ ఏమీ లేకుండా పడుకోబెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. నిద్రలో ఊపిరాడక జరిగే మరణాలను తప్పించడానికి చెబుతున్న మాట అది. ఉయ్యాల కమ్ముల చుట్టూ కట్టే మెత్తల్ని, 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పడకల్ని ఆ దేశం 2022లో చట్టం చేసి నిషేధించింది. తల గుండ్రంగా వస్తుందని మనం పెట్టే ఆవాల దిండు కూడా దిండే. వాకర్‌దీ అదే కథ. దాంట్లో కూర్చోబెడితే తొందరగా నడక వస్తుందనుకుంటాం. అది నడక నేర్పదు సరికదా, మెట్ల మీంచి దొర్లించి, పొయ్యి దగ్గరికీ వేడినీళ్ల దగ్గరికీ బిడ్డను చేరుస్తుంది. కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. ఇక పాలసీసాల విషయంలో మన దేశపు చట్టమే దారి చూపుతోంది. 1992లో వచ్చి, 2003లో మరింత బిగించిన చట్టం ప్రకారం పోతపాలకు, పాలసీసాలకు, రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలివ్వడమే నేరం. ప్రకటించడానికే వీల్లేనంత జాగ్రత్తగా చట్టం చూస్తున్న వస్తువును, అవసరం వస్తుందో లేదో తెలియకముందే అరడజను కొని వరసగా పేర్చుకోవడంలో అర్థం లేదు. తల్లిపాలు చాలని పరిస్థితి వస్తే డాక్టరు చెప్పిన గంటలో మందుల షాపులో దొరుకుతుంది.

బొమ్మల సంగతీ చెప్పాలి. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయంలో ఒకటిన్నర ఏడు దాటిన 36 మంది చిన్నపిల్లలను ఒకసారి 4 బొమ్మలతో, మరోసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో ప్రకటించారు. పాకే వయసు కూడా రాని బిడ్డకు ఒక గిలక్కాయ చాలు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో సహజ రంగులతో చేసే లక్క గిలక్కాయ కొంటే బిడ్డకూ మంచిది, చేసిన చేతికీ కూడు పెడుతుంది.

అయితే ఎంత కావాలి మరి? మన దేశంలో బిడ్డ పుట్టే బరువు సగటున 2.8 కిలోల దగ్గర ఉంటుంది. అయిదు నెలలకు అది రెట్టింపు, ఏడాదికి మూడింతలు. అరమీటరు పొడుగున పుట్టిన బిడ్డ ఏడాదిలో మరో పాతిక సెంటీమీటర్లు సాగుతుంది. మొదటి నెలలో కుట్టించిన చొక్కా మూడో నెలలో చంకల్లో బిగుసుకుంటుంది. అందుకని ముడి వేసే మెత్తని చొక్కాలు కొన్ని, రెండు టోపీలు, చుట్టడానికీ తుడవడానికీ ధారాళంగా నూలుగుడ్డలు, చదును పరుపు, దోమతెర, ఒక వెచ్చని దుప్పటి. తక్కువబరువు బిడ్డకు తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టే కంగారూ పద్ధతిని మించిన వెచ్చదనం ఏ షాపులోనూ లేదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన ఆ పద్ధతిని ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేస్తోంది. ఎంత కొద్ది సామానుతో బిడ్డ పెంపకం మొదలుపెట్టవచ్చో ఫిన్లాండ్ చూపించింది. 1938లో పేద తల్లుల కోసం మొదలై, 1949 నుంచి తల్లులందరికీ అందుతున్న అక్కడి ప్రసూతి పెట్టెలో బట్టలు, పక్క ఉంటాయి. అట్టపెట్టే బిడ్డకు తొలి మంచం. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ కూడా ఒక్క సంచిలో పట్టేది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లి చేతికి బట్టలు, పరుపు, దోమతెర, సబ్బు, నూనె అందితే మొదటి నెలలకు సరిపోయాయి.

ఇక్కడొక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. బిడ్డ పుట్టకముందే ఏ ఏర్పాట్లూ చేయకూడదన్నది మన పెద్దల మాట. పుట్టకముందే కుల్లా కుట్టడాన్ని మన సామెతే తప్పుబట్టింది. కాన్పులో బిడ్డలు దక్కని రోజులు ఎక్కువగా ఉన్న కాలం నుంచి వచ్చిన జాగ్రత్త అది. ఉయ్యాల కట్టి, బట్టలు కుట్టి పెట్టుకున్నాక బిడ్డ చేతికి రాకపోతే ఆ తల్లి ఆ గదిలోకి మళ్లీ ఎలా అడుగు పెడుతుంది? ఆ మాటలోని దయను కాదనడానికి వీల్లేదు. అయితే ఆ ఆచారం ఆపమన్నది కొనడాన్ని. ఇల్లు ఖాళీ చేయడాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు. పాత తరం చేసిన పనే అది. కాన్పు దగ్గరపడితే ఒక గది తీసి, కడిగి, గాలి ఆడేలా చేసి, మెత్తబడ్డ పాత నూలుచీరలు ఉతికి చింపి పెట్టుకునేవారు. గదిలో మంచం, నీళ్లు, దీపం, గుడ్డలు తప్ప మరోటి ఉండేది కాదు. కొత్త బట్ట, ఉయ్యాల అన్నీ బారసాలకే. ఇవాళ మనం ఆచారాన్ని తిరగేసుకున్నాం. శ్రీమంతం రోజునే సంచులు నింపేస్తున్నాం, గది మాత్రం ఖాళీ చేయడం లేదు.

అంతకన్నా గట్టి అభ్యంతరం మధ్యతరగతిది. పడేస్తే మళ్లీ కొనాలి. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని దాచుకున్నవాటితోనే మన ఇళ్లు నిలబడ్డాయి. పాత చీరలు బొంతలయ్యాయి, చిరిగిన పంచెలు మసిగుడ్డలయ్యాయి, నాలుగు పాత బట్టలిస్తే వీధిలోకి వచ్చిన సామాన్లావిడ ఒక స్టీలు గిన్నె ఇచ్చింది. అన్నీ పారేసి తెల్ల గోడల మధ్య బతకమని చెప్పే సలహాలో దుబారా ఉందని అనుమానించేవాళ్ల మాటలో న్యాయముంది. ఇంట్లోంచి పోయింది మాయం కాదు, ఊరి చెత్తగుట్ట మీదికే చేరుతుంది. కానీ ఆ పాత పొదుపును దగ్గరగా చూస్తే అందులో దాచడం కన్నా తిప్పడం ఎక్కువ కనిపిస్తుంది. చీర బొంతగా మారాలంటే ఎవరో కూర్చుని కుట్టాలి. పిల్లల చొక్కా అక్క ఇంటి నుంచి చెల్లి ఇంటికి, అక్కణ్నుంచి పనిమనిషి ఇంటికి వెళ్లేది. ఉయ్యాల ఒక్కటే వంశంలో పదిమంది పిల్లల్ని ఊపింది. వస్తువు ఎవరి చేతిలో పనికొస్తుందో అక్కడికి చేరేది. ఇప్పుడు మనం దాచుకుంటున్నవి ఆ రకం కావు. పనిచేయని మిక్సీని బాగుచేయించం, వదలం. మంచం కింద పదేళ్లున్న డిన్నర్ సెట్టు ఎవరికీ అన్నం పెట్టలేదు. దాన్ని పెళ్లి చేస్తున్న ఇంటికిచ్చినా, అనాథాశ్రమానికిచ్చినా పొదుపు పూర్తయినట్టు. బాగున్న బట్టలు ఉతికి మడతపెట్టి ఇవ్వాలి. చిరిగినవి ఇచ్చి దానమనుకోవడం తప్పు. పాడైన కరెంటు వస్తువులు, బ్యాటరీలు ఈ-వ్యర్థాలు తీసుకునేచోటికే వెళ్లాలి. బిడ్డ విషయంలో కొనే ముందు అరువడగడం ఆ పొదుపుకు ఇవాళ్టి రూపం. నాలుగు నెలలు వాడే ఉయ్యాల కోసం బంధువుల్లో ఎవరింట్లో ఖాళీగా ఉందో ఒక ఫోన్ చేసి కనుక్కోవచ్చు. మన పని అయ్యాక తర్వాతి ఇంటికి చేర్చాలి, అటక ఎక్కించకూడదు.

ఇదంతా ఉన్నవాళ్ల ఫ్యాషను, ఒక గదిలో నలుగురు బతికే ఇంట్లో తీసేయడానికేముంది అని కూడా అడుగుతారు. అడగాల్సిన మాటే. అద్దెకున్న ఒంటిగది ఇరుకుగా ఉందంటే తప్పు గదిది, అందులో ఉన్నవాళ్లది కాదు. అలాంటి ఇంటికి కావలసింది సర్కారు కిట్టు, ఇరుగుపొరుగు సాయం, ఇంకాస్త చోటు. తీసేయమన్న మాట మూడు బీరువాలున్న ఇళ్లకు. అయితే ఒంటిగదిలోనూ బాలింత పడుకునే మూల ఆమె చేతికి అందేలా ఉండాలన్నది మారదు, అక్కడ ఇంకా ఎక్కువ ముఖ్యం. సర్దుకోవడాన్ని ప్రపంచమంతటా ఒక ఉద్యమంలా చేసిన జపాన్ మేరీ కోండో కూడా ముగ్గురు పిల్లలయ్యాక ఇల్లు ఎప్పుడూ పొందిగ్గా ఉంచడం దాదాపు వదిలేశానని, పిల్లలతో గడిపే సమయమే ముఖ్యమని 2023లో చెప్పింది. అది ఓటమి అని కొందరు రాశారు. నాకు అలా అనిపించలేదు. పసిపిల్లలున్న ఇల్లు అద్దంలా ఉండాలని ఎవరైనా తల్లి మీద కొత్త భారం పెడితే, అది ఈ వాదనకు పూర్తిగా వ్యతిరేకం. వస్తువులు తక్కువగా ఉన్న ఇల్లు చిందరవందరైనా పది నిమిషాల్లో తేరుకుంటుంది, ఆ పది నిమిషాలు ఎవరైనా పెట్టగలరు.

పెద్దవాళ్ల మనసు నొప్పించడం మరో చిక్కు. అత్తగారి ఇత్తడి గుండిగలు, మామగారి పాత రేడియో కోడలి పొట్ట పెరుగుతోందని బయటికి పంపేస్తే ఆ ఇంట్లో ఎవరికి సంతోషం? జ్ఞాపకం ఉన్న వస్తువుల జోలికి ఇప్పుడు వెళ్లనక్కర్లేదు. ఎవరికీ జ్ఞాపకం లేని సామానే ఇంట్లో ఎక్కువ, ముందు దాన్ని తేల్చుకుంటే చాలావరకు జాగా దొరుకుతుంది. కానుకల విషయంలో మాత్రం మొహమాటం వదిలి ముందే చెప్పాలి. బారసాలకు వచ్చే పదిమందీ మూడు నెలల సైజు గౌన్లే తెస్తారు. ఏడాది పిల్లకు పట్టేవి తెమ్మనో, ఆ డబ్బు పిల్ల పేరున పోస్టాఫీసులో వేయమనో అమ్మమ్మ చేత చెప్పిస్తే ఎవరూ తప్పు పట్టుకోరు. పది రోజులు వంట చేసి పంపుతానన్న పిన్ని చీర కన్నా పెద్ద కానుక పెట్టినట్టే.

అమెరికాలో ఉన్న మనవాళ్లది కొంచెం వేరే లెక్క. అక్కడ కారు సీటు లేకుండా బిడ్డను ఆసుపత్రి నుంచి కారులో ఇంటికి తీసుకెళ్లలేరు. అది తప్పనిసరి ఖర్చు, అదీ ప్రమాదానికి గురికానిదై ఉండాలి. మిగతావాటిలో చాలా భాగం తోటి తెలుగు కుటుంబాల గ్యారేజీల్లో ఉంటాయి. పురుడు పోయడానికి ఇక్కడి నుంచి వెళ్లే తల్లిదండ్రులు రెండేసి సూట్‌కేసులతో దిగి ఆరు నెలలుంటారు. ఆ ఒక పడగ్గది అపార్టుమెంటులో చోటు కావలసింది మొదట వాళ్లకి. వాళ్లు పడుకునే గదిని ఉయ్యాలా సోఫా బొమ్మలతో నింపేసి, అరవయ్యేళ్ల అమ్మను హాల్లో గాలిపరుపు మీద పడుకోబెడితే, బాలింతకు సాయం చేయడానికి వచ్చిన మనిషికే నడుం పట్టేస్తుంది.

చివరిగా, ఈ పనంతా ఎవరు చేయాలి? గర్భిణే చేస్తోంది, అదీ తప్పు సమయంలో. ఇల్లు సర్దాలన్న ఆరాటం ఆఖరి మూడు నెలల్లో బాగా పెరుగుతుందని కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో రాశారు. సరిగ్గా ఆ నెలల్లోనే శరీరపు బరువు ముందుకు జరిగి నిలకడ తగ్గుతుంది, కీళ్లు వదులవుతాయి. అప్పుడు స్టూలెక్కి అటక మీది సామాను దించకూడదు. ఏది ఉంచాలో ఏది వద్దో ఆమె కూర్చుని చెప్పొచ్చు. ఎక్కడం, దించడం, మోయడం, పంపడం భర్తది, ఇంట్లోని మిగతా వాళ్లది. మగవాళ్ల 97 నిమిషాల అంకెను మార్చడానికి ఇంతకన్నా మంచి అదను ఇంకోటి రాదు.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపే మన ఆచారం ఈ పనికి ఏర్పాటు చేసినట్టే ఉంటుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లిన అమ్మాయి బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక గానీ తిరిగి రాదు. పుట్టింటివాళ్లు పురిటి గది చూసుకుంటారు. అత్తింట్లో భర్త ఆ నెలలన్నీ ఒక్కడే ఉంటాడు. చాలామంది ఆ కాలాన్ని హోటల్ భోజనంతో, పేరుకుపోయిన బట్టలతో గడిపేస్తారు. తల్లీబిడ్డలు వచ్చేసరికి ఇల్లు వెళ్లినప్పటి కన్నా అధ్వాన్నంగా ఉంటుంది. అలా వచ్చే బిడ్డ త్వరలో బోర్లాపడుతుంది, ఏడెనిమిది నెలలకు పాకుతుంది. కాబట్టి అతను చూడాల్సింది నేల ఎత్తు నుంచి. బాత్రూమ్ మూలన ఉన్న యాసిడ్, ఫినాయిల్ సీసాలు తలుపు పడే పైఅరలోకి వెళ్లాలి. రిమోట్లలోని గుండీ బ్యాటరీలకు మూత గట్టిగా బిగించాలి. మింగితే రెండు గంటల్లోనే గొంతులో పుండు పడుతుంది. టీవీ స్టాండునూ పొడుగు బీరువానూ గోడకు బిగించాలి. మంచం కింద డిన్నర్ సెట్లు పంపేసి నేల ఊడ్చేలా చేయాలి. వారానికొక అర, ఒక మూల చొప్పున తీసినా నాలుగు నెలల్లో మొత్తం ఇల్లు ఒక చుట్టు వస్తుంది. ప్రయాణానికి మంచి రోజు చూసేలోపు ఈ పని పూర్తి చేసి, బీరువాలో మధ్య అర ఖాళీగా ఉందని ఆమెకు ఫోన్‌లో చెప్పగలగాలి.